వంతెన కింద రాయి తిరగేస్తే

పర్యావరణం మీద ప్రేమతో నేను పిల్లలను వాగులోకి దింపానని మా మండలంలో చాలామంది అనుకుంటారు. అసలు కారణం కోడిగుడ్ల అట్టలు.

గురజాల నుంచి మాచర్ల పోయే వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఉద్యోగం చివరి ఏళ్ళు బయాలజీ టీచరుగా చేశాను. ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు. నేను చేరిన నెలలోనే మధ్యాహ్న భోజనం గుడ్ల అట్టలు తెచ్చి సైన్సు గదిలో పెట్టారు. తాత్కాలికంగా అని హెడ్‌మాస్టరుగారు చెప్పారు. నేను రిటైరైన రోజున కూడా అవి అక్కడ తాత్కాలికంగానే ఉన్నాయి. మైక్రోస్కోపు తీయాలంటే ముందు బీరువాకు అడ్డంగా ఉన్న గుడ్లు దించాలి. ఒక్క గుడ్డు పగిలినా సంజాయిషీ నేనే రాయాలి. నేను రాశాను. గుడ్లు అక్కడ పెట్టించినవాళ్ళు మాత్రం ఏ రోజూ ఏమీ రాయలేదు.

గది లేనప్పుడు బయటికే పోవాలి. బడి వెనక నుంచి నడిస్తే వాగు. పిల్లలకు చూపించడానికి అందులో ఏదో ఒకటి ఉంటుంది, పైగా దాన్ని ఎవరూ గుడ్లతో నింపలేరు.

కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లు అప్పుడప్పుడు ఫోన్ చేసి, ప్రాజెక్టు పని ఎలా చేయించాలి మేడం అని అడుగుతుంటారు. ఎలా చేయించాలో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. ఒకసారి ఎలా జరిగిందో చెప్పగలను. అందులో ఎవరు ఏమన్నారో కూడా చెప్పగలను. నాకు మరుపు తక్కువ.

మా వాగు పెద్దదేమీ కాదు. వానలకు ఉరుకుతుంది, తర్వాత కాలువ ఊటతో ఎండలు ముదిరేదాకా సన్నగా పారుతుంది. ఊరికి ఎగువన నాపరాళ్ళను పాలిష్ చేసే యూనిట్ ఒకటి ఉంది. మిషన్ కింద రాయి పెట్టి, నీళ్ళు పోస్తూ నున్నగా రుద్దుతారు. రాతిపొడి కలిసిన ఆ నీళ్ళు మజ్జిగలా తెల్లగా వచ్చి వాగులో పడతాయి. ఆ నీళ్ళ గురించి నేను మండలాఫీసుకు, ఇంకా పైవాళ్ళకు అర్జీలు పెట్టాను. పరిశీలనలో ఉంది అని ఒకసారి జవాబు వచ్చింది. తర్వాత ఆ జవాబు కూడా రాలేదు.

యూనిట్ యజమాని బజారులో రెండు షాపులున్న వ్యాపారి. మా బడికి ఇనప గేటు చేయించిన దాత. ఆ గేటు మీద బడి పేరు కంటే ఆయన పేరు పెద్దది. మొదటి అర్జీకి ముందు మర్యాద కోసం ఆయన దగ్గరకే వెళ్ళి చెప్పాను. కుర్చీ చూపించలేదు. నన్ను నిలబెట్టే మాట్లాడాడు.

“తమలపాకులో ఏం పూసుకుంటారు టీచరమ్మా? సున్నమేగా! ఇదీ ఆ రాయే. తిన్నోళ్ళకే ఏం గాలేదు, వాగుకేమవుద్ది?”

పక్కనున్న గుమాస్తా నవ్వాడు. ఆ నవ్వు కూడా గుర్తుంది.

అంతకుముందు ఒక వేసవిలో విజయపురి సౌత్‌లో మాకు శిక్షణ పెట్టారు. భోజనాలు బాగున్నాయి, పాఠాలు చాలావరకు నిద్రకు పనికొచ్చాయి. కానీ ఒకాయన చెప్పిన పద్ధతి మాత్రం నాకు పట్టుకుంది. పారే నీళ్ళలో ఉన్న రాయిని మెల్లగా ఎత్తి తిరగేయాలి. అడుగున అంటుకున్న పురుగులను తెల్ల పళ్ళెంలోకి కడిగి లెక్కపెట్టాలి. తర్వాత వాటిని వాగులోకే వదిలి, రాయిని ముందు ఎలా ఉందో అలాగే పెట్టాలి. సీసాలో పట్టిన నీళ్ళు ఆ నిమిషం సంగతే చెబుతాయి. రాయి కింద ఉండే పురుగుకు నిన్నటి నీళ్ళు, మొన్నటి నీళ్ళు కూడా తెలుసు. ఖర్చు కూడా లేదు. ఒక ఎనామిల్ పళ్ళెం, ఒక టీ జల్లెడ చాలు. బడికి అడగకుండా దొరికేవి అవే.

తొమ్మిదో తరగతి పిల్లలను తీసుకుని మొదలుపెట్టాను. మూడు చోట్లు అనుకున్నాం. మొదటిది పాలిష్ యూనిట్ నీళ్ళు కలిసే చోటికి కాస్త కింద. రెండోది ఊరి మొగదల గేదెలు దిగే రేవు. మూడోది రోడ్డు వంతెన కింద. పదిహేను రోజులకోసారి, చివరి పీరియడ్. ఆ పీరియడ్ కోసం నేను ఎన్ని మాటలు పడ్డానో అది వేరే కథ. పాఠాలు ఎగ్గొట్టి షికారు పోతున్నామని ఒక సహోద్యోగి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. పేరు రాయను, ఆయనకు ఇంకా సర్వీసు ఉంది.

పురుగులకు పిల్లలే పేర్లు పెట్టుకున్నారు. వెనక మూడు సన్నటి తోకలుండే పురుగు ఒకటి ఉంటుంది. మంచి నీళ్ళలో తప్ప బతకదు. దానికి ‘మూడు తోకలోడు’ అని పేరు పెట్టారు. ఇసుక రేణువులతో గూడు కట్టుకుని అందులో ఉండేది ‘మేస్త్రీ’. తూనీగ పిల్లలు, నత్తలు ఎలాగూ అందరికీ తెలిసినవే.

వాళ్ళలో చెయ్యి తిరిగింది ఒక అమ్మాయిది. వంతెన పక్కన పవర్ స్ప్రేయర్లు రిపేరు చేసే మెకానిక్ కూతురు. చిన్నప్పటి నుంచి తండ్రి పక్కన కూర్చుని సన్న స్ప్రింగులు, వాషర్లు ఏరిన చెయ్యి. రాయిని ఎత్తితే చుక్క నీరు చిందేది కాదు. నోరు మాత్రం అంత నెమ్మది కాదు.

ఒకసారి ఒక కుర్రాడు వంతెన కింద రాళ్ళు తిరగేసి, “టీచర్, ఈడ ఒక్కడు కూడా లేడు,” అన్నాడు.

“ఒరేయ్, నువ్వు నీళ్ళలోకి ఎనుబోతు దిగినట్టు దిగితే ఇంకెవడుంటాడ్రా? లే అవతలకి,” అని ఆ అమ్మాయి తనే దిగింది. రాయి తర్వాత రాయి తిరగేసింది. రాళ్ళకు ఏమీ అంటుకుని లేవు, పక్క బురదలో ఎర్రటి వానపాముల్లాంటివి నాలుగు కనిపించాయి, అంతే. మూడు తోకలోడు లేడు, మేస్త్రీ లేడు.

మాకు ఆశ్చర్యం అక్కడ మొదలైంది. తెల్ల నీళ్ళు కలిసే చోట ఏమీ ఉండదని, కిందకు వచ్చేకొద్దీ పెరుగుతాయని మేమందరం ముందే అనుకున్నాం. యూనిట్ కింద తక్కువే, కానీ ఉన్నాయి. గేదెల రేవులో ఇంకొంచెం ఎక్కువ. వంతెన కింద మాత్రం ఏమీ లేదు. మళ్ళీ వెళ్ళాం, అదే. ఆ తర్వాత కూడా అదే.

“టీచర్, పైదీ కిందదీ మార్చి రాస్తే సరిపోద్దిగా?” అన్నాడు ఆ కుర్రాడే. వాడి ఉద్దేశం మంచిదే. పాలిష్ యూనిట్ మీద నాకున్న కోపం పిల్లలందరికీ తెలుసు. నన్ను సంతోషపెడదామని అన్నాడు.

స్టాఫ్ రూములో నా మాట పూర్తిగా వినేది లెక్కల మాస్టారొక్కరే. ఆయనకు చెప్పాను. ఆయన టీ చల్లార్చుకుంటూ, “గోడ చెమ్మెక్కితే ఏం చేస్తారు మేడం? పొడి గోడ మీద చెయ్యి పెట్టి జరుపుకుంటా వస్తారు. యాడ తడి తగిలితే ఆడ పైపు పగిలినట్టు. రేవు కాడ నుంచి ఒక్కో రాయి చూసుకుంటా కిందికి రండి,” అన్నారు.

అలాగే చేశాం. రేవు నుంచి వంతెన వైపు దిగాం. మూడు తోకలోడు కనిపిస్తూనే ఉన్నాడు. వంతెనకు కాస్త ముందు ఒడ్డున ఒక రేకుల షెడ్డు, దాని వెనక నుంచి వాగులోకి సిమెంటు కాలువ ఒకటి. కాలువకు పైన ఉన్న రాయి కింద పురుగులున్నాయి. కాలువకు కింద ఉన్న రాయి కింద ఏమీ లేవు. వంగితే మిరపతోటల్లో కొట్టే మందు వాసన ముక్కుకు తగిలింది.

పిల్లలందరూ ఆ అమ్మాయి వైపు చూశారు. ఆమె చేతిలోని రాయిని మళ్ళీ దాని చోట పెట్టి, చేతులు తుడుచుకుంది.

“మా షెడ్డు నీళ్ళే టీచర్. మా అబ్బ స్ప్రేయర్లు కడుగుతాడు.” వాళ్ళింట్లో తండ్రిని అబ్బా అని పిలుస్తారు.

“ఇది వదిలేద్దాం టీచర్,” అన్నాడు కుర్రాడు. “పాలిష్ గురించే రాద్దాం. మనకు కావాల్సింది అదేగా.”

“ఏందిరా వదిలేది?” అని ఆ అమ్మాయి వాడి మీదికి లేచింది. “నేను లెక్కబెట్టినదాన్ని నువ్వెవడివిరా వదిలేసేదానికి?”

ఆ సాయంత్రం ఆమెతో కలిసి షెడ్డుకు వెళ్ళాను. మిరపకు మందు కొట్టే రోజులు. షెడ్డు ముందు స్ప్రేయర్లు వరసగా ఉన్నాయి. మెకానిక్ నాకు స్టూలు తుడిచి వేశాడు. కూతురు చెప్పింది, తండ్రి విన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

తర్వాత తన పద్ధతి చెప్పాడు. రైతులు స్ప్రేయర్ పాడైన చోట ఆపేసి, ట్యాంకులో మిగిలిన మందుతోనే తెచ్చి పడేస్తారు. అతను అలాంటి పంపును విప్పడు. ముందు ట్యాంకు ఖాళీ చేస్తాడు, సబ్బు పొడి వేసి మూడుసార్లు కడుగుతాడు, ఆ తర్వాతే స్పానర్ పట్టుకుంటాడు. ఒకప్పుడు అతని తమ్ముడు కడక్కుండా విప్పి, కళ్ళు తిరిగి పడిపోయి, ఆస్పత్రిలో ఉండాల్సి వచ్చింది. అప్పటి నుంచి ఈ నియమం.

“చానా మంది ఉత్త చేతుల్తోనే విప్పుతారు మేడం. నేను విప్పను. నా కాడ పనిజేసే కుర్రోణ్ణి కూడా ముట్టుకోనియ్యను. కడిగిన నీళ్ళు యాడికి పోతయ్యో ఎప్పుడూ చూళ్ళా. పారే వాగు గదా, పోతదిలే అనుకున్నా.”

చుట్టుపక్కల అంత జాగ్రత్తగా పనిచేసే మెకానిక్ ఇంకొకరు లేరు. వాగుకు మందు చేరింది ఆ జాగ్రత్త వల్లనే.

“పేరు రాస్తారా?” అని అడిగాడు.

“చోటు రాస్తాం. పేరు రాయం.”

“చోటు రాస్తే పేరు రాసినట్టేగా మేడం. ఈ వంతెన కాడ నేను గాక ఇంకెవరున్నారు?” కాసేపు చేతిలోని గుడ్డతో వేళ్ళు తుడుచుకున్నాడు. “ఈ నాలుగు నెలలే మాకు పని. మిగతా రోజులు ఈగలు తోలుకోవడమే. వాగును చంపినోడని పేరొస్తే నా దగ్గరికి ఎవరొస్తారు? పోనీ, కడక్కుండా విప్పమంటారా?”

నేను స్టూలు మీద నుంచి లేచాను. ఆ అమ్మాయి మాత్రం వరసలో ఉన్న స్ప్రేయర్ల వంక చూస్తూ నిలబడింది.

వార్త మా హెడ్‌మాస్టరు కంటే ముందు యూనిట్ యజమానికి చేరింది. మర్నాడు ఉదయమే తన గేటులోంచి తనే నడిచి వచ్చాడు. నన్ను చూడగానే నమస్కారం పెట్టాడు. నాకు ఆయన పెట్టిన మొదటి నమస్కారం అదే.

“నేను మొదటి నుంచి చెబుతానే ఉండా టీచరమ్మా. రాతిపొడికి ఏం గాదని. ఇయ్యాల చదువుకునే పిల్లలే తేల్చారు. ఇది ఊరికి తెలియాల!”

వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో పిల్లల చార్టు పెట్టించాలన్నాడు. ఫ్లెక్సీ తను వేయిస్తానన్నాడు, లడ్డూలు కూడా తనవే. హెడ్‌మాస్టరుగారి ముఖం వెలిగింది. ఆయన చెడ్డవాడేమీ కాదు. రోజంతా మరుగుదొడ్ల ఫొటోలు యాప్‌లో ఎక్కించి అలసిపోయిన మనిషి. ఎవరైనా లడ్డూలంటే కాదనే ఓపిక ఆయనకు ఉండేది కాదు.

“మేడం, వాగు గురించి ఎవరూ పట్టించుకోరని మీరేగా అనేది? ఇప్పుడు పట్టించుకుంటున్నారుగా!” అన్నారు.

నేను ఏళ్ళ తరబడి పెట్టిన అర్జీలను నా పిల్లల లెక్కతోనే పాతిపెట్టబోతున్నారు. దానికి నాతోనే చప్పట్లు కొట్టించాలని కూడా చూస్తున్నారు. ఇంటికి వెళ్ళి అన్నం తినలేదు. కోపమొస్తే నాకు ఆకలి పోతుంది, బుర్ర కూడా పనిచేయదు. మాలో బుర్ర పనిచేసింది ఆ అమ్మాయిదే.

మర్నాడు క్లాసులో చార్టు గీస్తూ అడిగింది.

“టీచర్, మనం యూనిట్ కింద నుంచి మొదలుపెట్టాం గదా. యూనిట్ పైన ఎన్ని ఉండయ్యో ఎప్పుడూ చూళ్ళా.”

నేను సుద్దముక్క కింద పెట్టాను. అంత చిన్న సంగతి. దొంగ ఎవరో ముందే అనుకుని అక్కడి నుంచే మొదలుపెట్టాం. వాగు చెడిపోకముందు ఎలా ఉంటుందో చూసుకోలేదు. యూనిట్ కింద ‘కొన్ని ఉన్నాయి’ అంటే, దేనితో పోలిస్తే కొన్ని? పైకి పోవాలంటే యూనిట్ స్థలం దాటి పోవాలి, వాచ్‌మన్ రానివ్వడు. అందుకని ఆ ఆలోచనే మానేశాం.

హెడ్‌మాస్టరుగారికి చెప్పి, ఆయన చేత యజమానికి ఫోన్ చేయించాను. లెక్క పూర్తి కావాలంటే ఎగువన కూడా ఒకసారి చూడాలని పిల్లలు అంటున్నారు అని చెప్పించాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

“ఓ, చూడమనండి! నా ట్రాలీ పంపిస్తా,” అన్నాడాయన.

రాళ్ళు మోసే ట్రాలీ ఆటో వచ్చింది. పిల్లలు తెల్లటి పొడి అంటిన ప్యాంట్లతో, చుడీదార్లతో దిగారు. యజమాని తనే ముందుండి దారి చూపించాడు. యూనిట్ దాటాక వాగు వేరేగా ఉంది. నీళ్ళలో అడుగున గులకరాయి కూడా కనిపిస్తోంది.

ఆ అమ్మాయి మొదటి రాయి తిరగేసి పళ్ళెంలో కడిగింది. పళ్ళెం నిండా కదలికే. మూడు తోకలోళ్ళు, మేస్త్రీలు, సన్న రొయ్యలు. పిల్లలు లెక్కపెట్టడం మానేసి చూస్తూ ఉండిపోయారు.

యజమాని కళ్ళజోడు పెట్టుకుని పళ్ళెంలోకి వంగాడు. “చానా ఉండయ్యే! వాగు బ్రహ్మాండంగా ఉంది గదా టీచరమ్మా!”

కుర్రాడు ఏదో చెప్పబోయాడు. ఆ అమ్మాయి వాడి కాలు తొక్కింది. యజమాని పళ్ళెం ఒక చేత్తో పట్టుకుని, పిల్లలను పక్కన నిలబెట్టుకుని, డ్రైవర్ చేత ఫొటోలు తీయించాడు. మేము బడికి చేరేలోపే అవి ఊరి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నాయి. నేనూ ఫొటోలో ఉన్నాను. ఒక మోచెయ్యి వరకు.

పిల్లలు చార్టు మళ్ళీ గీశారు. అక్షరాలు రానివాళ్ళకు కూడా అర్థమయ్యేలా నాలుగు రాళ్ళ బొమ్మలు వేసి, వాటి కింద దొరికినన్ని పురుగులను గీశారు. మొదటి రాయి కింద కిక్కిరిసి ఉన్నాయి. రెండోదాని కింద ఒకటీ అరా. మూడోదాని కింద ఇంకొన్ని. నాలుగోదాని కింద ఖాళీ.

సమావేశం రోజు ఉదయం చార్టు చూసిన హెడ్‌మాస్టరుగారు గది తలుపు దగ్గరగా వేశారు.

“మేడం, పైన రెండూ తీసేయండి. పోనీ వంతెన కూడా వద్దు, పాపం ఆ మెకానిక్ బతుకుతెరువు. గేదెల రేవు ఒక్కటి ఉంచుదాం. ఎవరికీ ఇబ్బంది లేదు.”

“గేదెలకు ఇబ్బంది సార్,” అన్నాను.

ఆయన నవ్వలేదు. కనీసం చదివేది వేరే పిల్లనైనా పెట్టమన్నారు. ఆ మాట మాత్రం న్యాయంగానే అనిపించింది. అమ్మాయిని పక్కకు పిలిచి అడిగాను. ఎవరైనా చదవొచ్చు, నీకు ఇష్టం లేకపోతే నిన్నెవరూ ఏమీ అనరు, వంతెన రాయి మీద నీ మాటే ఆఖరు అని చెప్పాను.

“వేరేవాళ్ళు చదివితే మా అబ్బను అన్నట్టుంటది టీచర్. నేను చదివితే మేము చెప్పినట్టుంటది,” అంది.

ఇంటి దగ్గర తండ్రికి చెప్పిందా అని అడిగాను. చెప్పానంది. ఏమన్నాడని అడిగాను. వస్తానన్నాడట, అంతే.

వేదిక మీద నాకు కుర్చీ వేయలేదు. పిల్లలతో పాటు పక్కన నిలబడ్డాను. యజమాని మైకు పట్టుకుని చాలాసేపు మాట్లాడాడు. ఇన్నాళ్ళు తనమీద పడిన నింద గురించి, చదువు విలువ గురించి, గేటు గురించి. చివరకు, “వాగును చెడగొడుతున్నది ఎవరో ఈ పసిపిల్లలే తేల్చారు. వాళ్ళ నోటితోనే వినండి,” అని కూర్చున్నాడు.

ఆ అమ్మాయి చార్టు విప్పింది. వెనక వరసలో ఆమె తండ్రి పని బట్టలతోనే కూర్చుని ఉన్నాడు.

“ఇది పాలిష్ యూనిట్ పైన. సారువాళ్ళు ట్రాలీలో తీసకపోయి చూపించిన చోటు. ఫొటోలు మీరందరూ చూశారు.”

కొందరు నవ్వారు. యజమాని కూడా నవ్వాడు.

“ఇది యూనిట్ కింద.”

నవ్వులు ఆగిపోయాయి. ఆమె కర్రతో మొదటి రాయిని, రెండో రాయిని మళ్ళీ చూపించింది. ఎవరూ వివరించమని అడగలేదు. యజమాని హెడ్‌మాస్టరుగారి వైపు తిరిగాడు. హెడ్‌మాస్టరుగారు ఫోన్ వైపు తిరిగారు.

“ఇది గేదెల రేవు. రాతిపొడి కొంత అడుక్కి దిగిపోద్ది కాబట్టి ఈడ కొన్ని మళ్ళీ వచ్చినయ్. ఇది వంతెన కింద. ఈడ ఒక్కటి లేదు.” కర్రను ఆ ఖాళీ మీదే ఉంచింది. “దీనికి పైన ఉండేది మా షెడ్డే. స్ప్రేయర్లు కడిగిన మందు నీళ్ళు మా కాలువ నుంచే పోతయ్. నేనే లెక్కబెట్టా.”

మెకానిక్ లేచి నిలబడ్డాడు. “పిల్ల చెప్పింది నిజమే,” అన్నాడు. “రేపటి నుంచి స్ప్రేయర్లు షెడ్డుకు తేవద్దు. ఫోన్ చెయ్యండి, నేనే మీ పొలానికొస్తా. ట్యాంకులో మిగిలిన మందు మీ పైరు మీదే పడాల. కడిగిన నీళ్ళు కూడా మీ చేలోనే. ఆ తర్వాతే పంపు విప్పుతా.”

“పొలానికొస్తే రేటు పెరుగుద్దా భాయ్?” అని ఒక రైతు అరిచాడు.

“నీ బండి మీద ఎక్కించుకోని పోరాదూ, పెరగదు.”

నవ్వులు మళ్ళీ వచ్చాయి. గేదెల రేవు పక్కన ఇల్లున్న ఒక మామ్మ ముందు వరసలో ఉంది. కూర్చున్న చోటి నుంచే యజమాని వైపు చెయ్యి చాపింది.

“ఆ భాయ్ ఏం జేసేదీ చెప్పాడు. మరి తమరేం జేస్తారయ్యా?”

“చూద్దాం. ఇంజినీరుతో మాట్లాడాల గదా,” అన్నాడాయన.

హెడ్‌మాస్టరుగారు వెంటనే వందన సమర్పణ మొదలుపెట్టారు. లడ్డూలు పంచారు. నేను తీసుకోలేదు.

తర్వాత జరిగింది కూడా చెప్పాలి. చప్పట్ల దగ్గర ఆపితే మీరు మోసపోతారు. రెండు రోజులకు పేపర్లో జిల్లా పేజీలో వార్త వచ్చింది. మెకానిక్ షెడ్డు వల్లే వాగు కలుషితం, విద్యార్థుల పరిశోధనలో వెల్లడి. పక్కన పళ్ళెం పట్టుకున్న యజమాని ఫొటో. యూనిట్ మాట ఎక్కడా లేదు. సవరణ వేయమని విలేకరికి ఫోన్ చేశాను, ఆఫీసుకు ఉత్తరం రాశాను. వేయలేదు.

ఆ వారం అమ్మాయి బడికి రాలేదు. తర్వాత తండ్రి బండి మీద దింపి వెళ్ళాడు. ఇంట్లో తిట్టారా అని అడిగాను.

“తిట్టారు టీచర్. అబ్బ కాదు, మా మేనత్త. ఇంటి పరువు వాగులో కలిపావంది.”

“అబ్బ ఏమన్నాడు?”

“లెక్క తప్పయ్యుంటే చెవులు పిండేవాణ్ణి అన్నాడు.”

మొదట్లో ఆ షెడ్డుకు పని సగం పడిపోయింది. పొలానికి రావడం ఏమిటి, ఆగడం ఏమిటి అని కొందరు వేరే ఊరి షాపులకు పోయారు. ఒకరిద్దరు పంతానికి వంతెన మీదికొచ్చి ట్యాంకు వాగులోనే కుమ్మరించి పోయారు. మెకానిక్ కాలువను సిమెంటుతో మూసేశాడు. బండికి వెనక పెట్టె బిగించి, అందులో స్పానర్లు, వాషర్లు సర్దుకున్నాడు. మిరప చివరి కోతల నాటికి రైతులకే సుఖం తెలిసింది. స్ప్రేయరును ఆటోలో వేసుకుని వచ్చే బాధ తప్పింది. ఆ పక్క ఏడాది అతను ఇంకో మనిషిని పనిలో పెట్టుకున్నాడు. మందు నీళ్ళు చేలోనే పోస్తే నేలకేమీ కాదా అని మీరు అడగవచ్చు. లెక్కల మాస్టారు కూడా అడిగారు. వాగులో పోసేదానికంటే నయం అని మాత్రమే నేను చెప్పగలను.

యూనిట్ యజమాని ఇంజినీరుతో ఇంకా మాట్లాడుతున్నాడు. రాతిపొడి దిగడానికి ఒక గుంట తవ్వితే సరిపోతుందని ఆయనకూ తెలుసు. గుంటకు ముగ్గు పోయించాడు. ఆ ముగ్గు మీద ఇప్పుడు రాళ్ళు పేర్చి ఉన్నాయి.

నాకు తోచింది ఇదీ. మేము ఇద్దరి తప్పు చూపించాం. తప్పు ఒప్పుకున్నవాడి పేరు పేపర్లో పడింది, ఒప్పుకోనివాడి ఫొటో పడింది. పిల్లలతో పని చేయించే ముందు టీచర్లు ఇది తెలుసుకుని ఉండాలి. పని మానుకోమని మాత్రం నేను చెప్పడం లేదు.

నేను రిటైరయ్యాక కూడా కొత్త బ్యాచులు వాగుకు పోతున్నాయి. లెక్కల మాస్టారు తీసుకుపోతున్నారు. ఆ అమ్మాయి ఇప్పుడు నరసరావుపేటలో ఇంటర్ చదువుతోంది. మొన్న సెలవులకు వచ్చి వంతెన కింద దిగిందట. నాకు ఫోన్లో ఫొటో పంపింది. తెల్ల పళ్ళెంలో, నీడలతో సహా, మూడు తోకలోళ్ళు. ఒకటి కాదు, లెక్కపెట్టుకోవాల్సినన్ని. వెంటనే ఫోన్ చేశాను.

“యూనిట్ కింద చూశావా?”

“చూశా టీచర్. అప్పుడెన్నో ఇప్పుడూ అంతే. ఇప్పుడు మా కాడే ఎక్కువ.” తర్వాత అంది, “అబ్బకు చూపించా. ఆ పళ్ళెం తనే పట్టుకోని పోయి వాటిని వాగులో వదిలొచ్చాడు.”

మర్నాడు గురజాల వెళ్ళి ఆ ఫొటోను, యజమాని ఎగువన పళ్ళెం పట్టుకుని నవ్వుతున్న ఫొటోను పెద్దవి చేయించాను. రెంటినీ ఒక తెల్లకాగితానికి జతపరిచాను. ఇంతకుముందు అర్జీల్లో పేజీల కొద్దీ రాసేదాన్ని. ఈసారి ఒక్క మాటే రాశాను. వంతెన కింద తిరిగి వచ్చాయి, యూనిట్ కింద ఎందుకు రాలేదో దయచేసి ఎవరైనా వచ్చి రాయి తిరగేసి చూడండి.

రసీదు ఇచ్చేదాకా ఆఫీసులో నిలబడ్డాను. కుర్చీ వేయలేదు. రసీదు ఇచ్చారు.